పద్నాలుగో పాయింట్

మధ్యాహ్నం ఒంటిగంటకు మా ఆఫీసు భవనంలోంచి జనం ఒక్కసారిగా కిందికి దిగుతారు. మెడలో ట్యాగులు, చేతుల్లో ఫోన్లు, నోళ్లలో పొద్దున మీటింగులో ఎవరు ఎవరిని ఏకిపారేశారన్న ముచ్చట్లు. అందరూ ఎడమవైపు తిండి బళ్ల మీద పడితే నేను మాత్రం రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న మెట్రో స్టేషన్ మెట్ల స్తంభం దగ్గరికి పోయి నిలబడతాను. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. ఛాతీ ఎత్తులో అంటించిన ఒక స్టిక్కరు, దాని మూలన ఎవడో ఊసిన పాన్ మరక, పక్కన ఒక టీ బండి. కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూసి ఈమెకేదో అయిందనుకుంటారని తెలుసు. అనుకోనీ. నా కాళ్లు, నా లంచ్ టైము.

ఆ స్తంభం దగ్గర మా నాయిన నిలబడేవాడు. పెట్రోలింగ్‌లో హెడ్ కానిస్టేబులు. నిరుడు వానాకాలంలో పోయాడు. ఆయన్ని నలుగురి ముందు ఒక్కసారి ‘నాయినా’ అని పిలవాలని, ఆయన వెనక్కి తిరిగి చూడాలని నాకు ఎంత ఆశ ఉండేదో చెప్పాలంటే ముందు నేను చేసిన వెధవ పని చెప్పాలి. చెప్తాను. దాచుకుని ఏం చేసుకుంటాను?

మా ఇల్లు మూసాపేటలో. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా వెనక గల్లీలో నీళ్ల ట్యాంకర్ దగ్గర రెండు ఇళ్లవాళ్లు జుట్లు పట్టుకున్నారు. బిందెలు గాల్లోకి లేచాయి. బడి నుంచి వస్తున్న నాకు ఆ గుంపు మధ్యలో మా నాయిన కనిపించాడు. చేతులు రెండూ చాపి, ఆ వైపు వాళ్లను అటూ ఈ వైపు వాళ్లను ఇటూ ఆపుతున్నాడు. నాకు పండగలా అనిపించింది. ‘నాయినా!’ అని అరుచుకుంటూ పోయి ఆయన చేతికి వేలాడాను. అంతే, ఒకామె బిందె కింద పెట్టి, ‘ఏం సారూ, పిల్లను చంకల వెట్టుకొని పంచాయితీ చేస్తవా?’ అంది. గుంపంతా గొల్లున నవ్వింది. కొట్లాట ఆగింది గానీ నాయిన ముఖం వాడిపోయింది.

ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. ‘బిడ్డా, ఒంటి మీద ఖాకీ ఉన్నప్పుడు నేను అందరి మనిషిని. ఇంట్లకొచ్చినంక నీ నాయిన్ని. రోడ్డు మీద కనవడితే పిలవకు. నేను గూడ పలకరియ్య. ఫికర్ చెయ్యకు, చూస్తనే ఉంట.’

అప్పుడు ఏడ్చాను. పెద్దయ్యాక ఆ రూలు నాకు బాగా కలిసొచ్చింది. కూకట్‌పల్లిలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా నాయిన కానిస్టేబులని చెప్పుకోవడం నామోషీగా ఉండేది. ‘మా డాడీ గవర్నమెంట్ జాబ్’ అనేదాన్ని. ఇంట్లో నాయిన, బయట డాడీ. చూడండి, ఒకే మనిషి చేత ఎన్ని అవతారాలెత్తించానో.

ఉద్యోగం ఈ ఆఫీసులో వచ్చింది. చేరిన వారానికి మా బ్యాచ్ అంతా టీ తాగడానికి రోడ్డు దాటి ఆ బండి దగ్గరికి పోయాం. బండి నడిపేది కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒక అక్క. బండి గుంజకు రేకు డబ్బా ఒకటి వేలాడుతుండేది, అందులో పాయింట్ పుస్తకం. పెట్రోలింగ్‌వాళ్లకు రోజూ తిరగాల్సిన చోట్లు కొన్ని ఉంటాయి, వాటినే పాయింట్లంటారు. ప్రతి పాయింట్ దగ్గరా ఒక పుస్తకం. వచ్చిన కానిస్టేబులు అందులో టైము వేసి సంతకం చేసిపోవాలి. మేం టీ తాగుతుండగా పెట్రోలింగ్ మోటారు సైకిల్ వచ్చి ఆగింది. వెనక నుంచి మా నాయిన దిగాడు. డబ్బా తెరిచి, పుస్తకం బండి చెక్క మీద పెట్టి, కళ్లజోడు సర్దుకుని రాస్తున్నాడు. నాకూ ఆయనకూ మధ్య రెండు బారల దూరం.

మా బ్యాచ్‌లో ఒకడు ఆయన పొట్ట వైపు చూసి, ‘ఈ అంకుల్ వెంటపడితే దొంగే ఆగి మంచినీళ్లిస్తాడ్రా’ అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదంటారని నవ్వాను. నాయిన తలెత్తలేదు. పెన్ను మూత పెట్టుకుని, జేబులో గుచ్చుకుని, పుస్తకం డబ్బాలో పడేసి బండెక్కి వెళ్లిపోయాడు. ఆ టీ సగంలోనే పారబోశాను. వాడి చెంప పగలగొట్టి ‘మా నాయినరా’ అని ఎందుకనలేదు? ఇంట్లో మా అమ్మ మీద కయ్యిమనే నోరు అక్కడ ఎటు పోయింది?

ఆ ఆదివారం అన్నం తింటూ నాయిన మామూలుగా అన్నాడు. ‘నా బీటు మారింది బిడ్డా. మదీనాగూడ దిక్కు ఏసిండ్రు. మీ ఆఫీసు ముందటికి ఇగ రాను.’

‘అవునా’ అన్నాను. లోపల హాయిగా అనిపించింది. ఆ హాయి గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆ తరవాత ఆ టీ బండికి పోవడం మానేశాను. టీ బాగుండదని చెప్పి ఆఫీసు క్యాంటీన్లోనే తాగేదాన్ని.

రెండేళ్లు గడిచాయి. పాయింట్ పుస్తకాలు తీసేసి ఫోన్లో యాప్ పెట్టాలన్న పని మా కంపెనీకి వచ్చింది. ప్రతి పాయింట్ దగ్గరా ఒక స్టిక్కరు, కానిస్టేబులు ఫోన్‌తో దాన్ని స్కాన్ చేస్తే టైము దానంతటదే పడుతుంది. ఏ నంబరు బండి ఏ నంబరు పాయింట్ దగ్గర ఉందో, ఎంతసేపు ఆగిందో మా తెర మీద కనిపిస్తుంది. ఆ టీములో నన్ను వేశారు. ఇంట్లో చెప్తే నాయిన చేసిన హడావిడి ఇంతా అంతా కాదు. స్టేషన్‌లో స్వీపరమ్మ దాకా అందరికీ చెప్పొచ్చాడు, మా బిడ్డ చేస్తున్నదని.

అసలు పెట్రోలింగ్ అంటే ఏం చేస్తారో తెలుసుకోవాలని ల్యాప్‌టాప్ పట్టుకుని ఆయన ముందు కూర్చున్నాను. వంటింటి గడపలో కూర్చుని అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

‘ఏం చేస్తడో నేను చెప్త రాసుకో’ అంది అమ్మ. ‘ఊరందరి తాళాలు ఊపి చూస్తడు. ఇంట్ల బీరువా తాళం ఏడున్నదో మాత్రం తెల్వదు.’

‘నువ్వు జర ఊకో’ అని నాయిన నా వైపు తిరిగాడు. ‘అందరు పెట్రోలింగ్ అంటే తిరుగుడనుకుంటరు బిడ్డా. తిరిగేది బండి. మా పని ఆగుడు.’

‘ఆగడమా?’

‘ఆగుడే. బడి ఇడిసేయాల్లకు గేటు కాడ బండి ఆపి నిలవడ్డననుకో, ఆడివిల్లల ఎంబడి వడే పోరగాండ్లు మాయమైతరు. నేను ఒక్క మాట అననక్కరలే. ఇద్దరు అన్నదమ్ములు బండి పెట్టే జాగ కోసం కత్తులు నూరుతుంటరు. నేను పోయి నడిమిట్ల చాయ్ తాగుతుంట. చాయ్ అయ్యేయాల్లకు సగం కోపం దిగుతది. మనం కనవడాలె. గంతే మా నౌకరి.’

నేను ‘గంతే’ అని టైపు చేసుకున్నాను.

‘ఒకపారి బస్టాపుల ఒకామె పొద్దుగాల సంది కూసున్నది, చేతిల సంచి వట్టుకొని. బస్సులొస్తున్నయ్, పోతున్నయ్, ఎక్కదు. నేను పోయి పక్కకు నిలవడ్డ. ఏం అడగలే. అడిగితే భయపడతరు. పది నిమిషాలు ఊకెనే నిలవడ్డ. పదకొండో నిమిషంల ఆమెనే ఏడ్సుకుంట చెప్పింది. ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిండ్రట. మూడో నిమిషానికే నేను ఎల్లిపోతే ఆమె ఏమైతుండె?’

ఎంత మంచి మాట చెప్పాడు! ఆ మాట నేను విన్నాను కూడా. కానీ మర్నాడు ఆఫీసుకు పోయి ఆ పేరా మొత్తం కొట్టేశాను. పోలీసులు మాకిచ్చిన పత్రంలో బండ్లు ఎన్ని పాయింట్లు ఎంత వేగంగా తిరిగాయన్నదే ఉంది. ఆగడం గురించి ఏమీ లేదు. పైగా నా తెలివి నేను చూపించుకోవద్దూ? ‘ఫిర్యాదు ఏదీ లేకుండా ఒక పాయింట్ దగ్గర నాలుగు నిమిషాలు దాటి ఆగితే ఎర్ర గుర్తు పడాలి’ అని ఒక రూలు రాశాను. స్కాన్‌కు ఒక నిమిషం, టీకి మూడు నిమిషాలు, సరిపోదా అనుకున్నాను. నాలుగో నిమిషం నిండగానే కానిస్టేబులు ఫోను మోగేటట్టు కూడా పెట్టాను. మా టీము లీడ్ భుజం తట్టాడు.

యాప్ మొదలైన వారానికే ఎర్ర గుర్తులు కనిపించాయి. చాలావరకు ఇవాళ ఒకచోట, రేపు ఒకచోట. ఒకటి మాత్రం చెప్పులో రాయిలా రోజూ తగిలేది. ఆరో నంబరు బండి, పద్నాలుగో పాయింట్, మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతం. ఒకరోజు ఎనిమిది నిమిషాలు, ఒకరోజు పదకొండు. మాకు పేర్లు రావు, బండి నంబర్లే. పాయింట్లు కూడా అంకెలే, అవి ఎక్కడెక్కడున్నాయో చూసుకునేది వేరే టీము. మా టీములో ఆ బండికి పేరు పెట్టుకున్నాం, కునుకు బండి అని. ‘కునుకు బండి వచ్చిందా?’ ‘వచ్చింది, ముసుగేసింది’ అని నవ్వుకునేవాళ్లం. పేరు పెట్టింది ఎవరనుకున్నారు, నేనే.

నాలుగు వారాలకు అధికారుల ముందు యాప్ చూపించే రోజు వచ్చింది. ఉదాహరణకు ఒకటి కావాలి కదా. నేను లేచి తెర మీద ఆ ఎర్ర చుక్కల వరస చూపించాను. ‘పుస్తకంలో అయితే ఇది దొరికేది కాదు సర్. సంతకం పెట్టి వెళ్లిపోయాడనే ఉండేది. మన యాప్ పట్టేసింది’ అన్నాను. పెద్దాయన ఒకరు కళ్లజోడు తీసి, ‘ఎవరయ్యా ఆ మహానుభావుడు?’ అన్నారు. హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను.

ఆ వారంలోనే నాయిన్ని పెట్రోలింగ్ నుంచి తీసేసి ఏదో సర్కారు ఆఫీసు గేటు దగ్గర గార్డు డ్యూటీ వేశారు. రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క కోరిక, బండి మీద ఉండగానే నౌకరి నుంచి దిగాలని. మోకాళ్లు సహకరించకపోయినా, పైవాళ్లు కుర్చీ డ్యూటీ ఇస్తామన్నా వద్దని వచ్చినవాడు.

‘కుర్చీల కూసోవెట్టిండ్రు’ అన్నాడు ఇంటికొచ్చి, బూట్లు విప్పుకుంటూ.

‘ఎందుకంట?’ అంది అమ్మ.

‘వయసైంది గదా.’ నా వైపు చూసి నవ్వాడు. ‘నీ మిషిను మంచిగ పనిచేస్తున్నది బిడ్డా. దొంగ దొరికిండు.’

నేను మురిసిపోయాను. యాప్ గురించి స్టేషన్‌లో మంచిగా అనుకుంటున్నారన్నమాట అనుకున్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. పట్టి, పట్టానని కూడా తెలియకుండా పట్టాను.

ఆ తరవాత మూడు నెలలు నాయిన ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండేవాడు. పొద్దున్నే లేచి యూనిఫాం తానే ఇస్త్రీ చేసుకునేవాడు, అదే మడత, అదే గంజి. కానీ సాయంత్రం వచ్చాక చెప్పడానికి ముచ్చట్లేమీ ఉండేవి కావు. అంతకు ముందు రోజుకొక కథ చెప్పేవాడు. తాళం వేసిన ఇంట్లో ఫ్యాను చప్పుడు విని దొంగనుకుని నిలబడితే, ఇంటాయన పెళ్లానికి తెలియకుండా సెలవు పెట్టి పడుకున్నాడని తెలిసిన కథ. మెట్రో మెట్ల దగ్గర తప్పిపోయిన పిల్ల, అమ్మ పేరేంటంటే ‘అమ్మే’ అని చెప్పిన కథ. ఇప్పుడు, ‘ఏం జరిగింది ఇయ్యాల?’ అంటే, ‘గేటు తెరిచిన, గేటు మూసిన’ అనేవాడు.

ఒకరోజు మా క్యాంటీన్‌లో పాలు విరిగిపోయాయి. తల పగిలిపోతోంది, టీ లేకపోతే కుదరదు. చాలా రోజుల తరవాత రోడ్డు దాటి ఆ అక్క బండి దగ్గరికి పోయాను. ఆమె నన్ను చూడగానే గరిటె పక్కన పెట్టేసింది.

‘మీ నాన్నగారు రావట్లేదేంటండి? ఒంట్లో బాగానే ఉందాండి?’

నాకు అర్థం కాలేదు. ‘మా నాన్న మీకెలా తెలుసు?’

‘అయ్యో, తెలీకపోవడమేంటండి! రోజూ ఒంటిగంటకి వచ్చేవారు కదా. అదుగో, ఆ స్తంభం వెనకాల నుంచునేవారు. మీరందరూ కిందికి దిగి, తిండి బళ్ల దగ్గర ప్లేటు చేతిలో పట్టుకునేదాకా కదిలేవారు కాదండి. మీరు ఆలస్యంగా దిగితే ఆయనా ఆలస్యమే. ‘ఇవాళ ఇంకా దిగలేదమ్మా, పనెక్కువున్నట్టుంది’ అనేవారు. ఒకసారి మీరు అసలు దిగలేదు. ఎంత పరేషాన్ అయిపోయారో! ఎవరికీ చెప్పొద్దన్నారండి, మా పాపకి చిన్నతనంగా ఉంటుందని. ఇన్నాళ్లూ నేను నోరిప్పలేదు. ప్రభువు దయవల్ల ఆయన బాగున్నారంటే చాలు.’

స్తంభం వైపు చూశాను. స్టిక్కరు మీద అంకె ఉంది. పద్నాలుగు.

ఆ అక్క నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. బీటు మారలేదు. మదీనాగూడా లేదు, ఏమీ లేదు. నేను సిగ్గుపడకుండా తిరగడానికి ఆయన అబద్ధమాడాడు. ఆడి, రెండేళ్లకు పైగా స్తంభం చాటున నిలబడి, నేను అన్నం తింటున్నానా లేదా చూసుకున్నాడు. ఖాకీలో ఉన్నప్పుడు పలకరించనని, చూస్తూనే ఉంటానని చిన్నప్పుడు చెప్పిన మాట అక్షరాలా పాటించాడు. నేను దాన్ని ఎర్ర చుక్క చేసి తెర మీద చూపించి నవ్వించాను.

పైకి పోయి మా లీడ్‌ను పట్టుకున్నాను. ‘ఆ నాలుగు నిమిషాల రూలు తీసెయ్యాలి.’

‘సరేలే, నెక్స్ట్ రిలీజ్‌లో చూద్దాం. రెండు నెలల్లో వస్తుందిగా.’

‘రెండు నెలలు కాదు, ఇవాళ.’

‘క్లయింట్ అప్రూవల్ లేకుండా ఎలా? నువ్వు రాసిందేగా అది?’

మర్నాడు సెలవు పెట్టి నాయిన పాత స్టేషన్‌కు పోయాను. ఎస్సై నాకంటే రెండు మూడేళ్లు పెద్దవాడేమో. ‘ఆరో బండి, పద్నాలుగో పాయింట్. ఆయన మా నాయిన. ఆయన నిద్రపోలేదు సర్. నా కోసం నిలబడ్డాడు’ అని చెప్పి, అంతమందిలో భోరున ఏడ్చాను. పెద్దయ్యాక నలుగురిలో ఆయన్ని నాయిన అని చెప్పడం అదే మొదటిసారి. ఆయన అక్కడ లేడు.

ఎస్సై నాకు కుర్చీ చూపించాడు. ‘హెడ్‌సాబ్‌ని నేనే అడిగిన అమ్మా. జోడీ కానిస్టేబులేమో చాయ్ తాగుతుంటడంట, ఈయన స్తంభం ఎనక నిలవడుతడంట. ఎందుకు సాబ్ అంటే చెప్పలే. ‘తప్పు నాదే, మోకాలు నొస్తుంటే ఆగిన’ అని రాసిచ్చిండు. బిడ్డ కోసమని ఒక్క మాట చెప్తే నేనే సదురుకుంటుంటి గద.’

‘ఆయన్ని మళ్లీ బండి మీద వెయ్యండి సర్. రిటైరయ్యేది ఈ నెలాఖరుకే.’

‘గార్డు డ్యూటీ మార్చుడు నా చేతుల లేదు. ఆఖరు రోజు ఒక్కటి మాత్రం నేను మాట్లాడి పాత బీటుకు పంపిస్త. ఒక్క రోజే.’

ఒక్క రోజు చాలనుకున్నాను. ఇంట్లో ఏమీ చెప్పలేదు. ఆ రోజు ఏం చెయ్యాలో నిశ్చయించుకున్నాను. ఒంటిగంటకు ఆయన స్తంభం దగ్గరికి వస్తాడు. నేను మా టీమునంతా వెంటేసుకుని రోడ్డు దాటి పోతాను. ‘నాయినా’ అని పిలుస్తాను. ఖాకీలో ఉండగా పిలవొద్దన్న రూలు, అదీ ఆఖరు రోజే కదా, తప్పితే తప్పింది. తిడితే తిట్టించుకుంటాను.

ఎస్సై మాట నిలబెట్టుకున్నాడు. నెల చివరి పొద్దున నాయిన అద్దం ముందు టోపీ పెట్టుకుంటూ కూనిరాగం తీశాడు. ‘ఇయ్యాల బండి మీద ఏసిండ్రు’ అన్నాడు అమ్మతో. అమ్మ బొట్టు పెట్టబోతే, ‘డ్యూటీల వద్దు’ అని, మళ్లీ ఏమనుకున్నాడో తలొంచాడు.

ఆఫీసులో పన్నెండున్నర నుంచే నా ప్రాణం నిలవడం లేదు. మా టీముతో చెప్పేశాను. ‘కునుకు బండి అన్నాం కదా, ఆయన మా నాయిన. ఇవాళ మీకు చూపిస్తాను, రండి.’ అందరూ తలలు దించుకున్నారు. ఒంటిగంటకు ఐదు నిమిషాలుండగా లేచాం. సరిగ్గా అప్పుడే లీడ్ ఫోన్ చేశాడు, ఏదో ఫైలు తెరుచుకోవడం లేదని. రెండు నిమిషాలు పోయాయి. లిఫ్టు ప్రతి అంతస్తులో ఆగింది, లంచ్ టైము కదా, ఒక్కొక్క చోట ఆగి తలుపు తీసి నిండుగా ఉందని మూసుకుంటుంది. ఆగడం మీద రూలు ఆ లిఫ్టుకు పెట్టాల్సింది.

బయటికొచ్చేసరికి స్తంభం దగ్గర నాయిన ఉన్నాడు. ఈసారి వెనకాల కాదు, పక్కనే, కనిపించేటట్టే నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని మా భవనం వైపు చూస్తున్నాడు. మా గేటు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు, నేను ఆయన కంటికి ఆనినట్టు లేను. సిగ్నల్ పడలేదు. బస్సులు, క్యాబులు, డెలివరీ బళ్లు, ఒకదాని తోక పట్టుకుని ఒకటి. చెయ్యి అడ్డం పెట్టి ఎట్లాగో సగం దాటి డివైడర్ మీదికి చేరాను. అవతలి వైపు ఇంకా వస్తూనే ఉన్నాయి.

అప్పుడు ఆయన జేబులోంచి ఫోను తీశాడు. చప్పుడు నాకు వినబడలేదు గానీ, ఎందుకు మోగిందో లోకంలో అందరికంటే నాకే బాగా తెలుసు. తెర చూసుకున్నాడు. తలెత్తి మా భవనం పై అంతస్తుల వైపు ఒకసారి చూశాడు. జోడీ కానిస్టేబులుకు చెయ్యి ఊపి, మోకాలు పట్టుకుంటూ బండి వెనక ఎక్కాడు.

‘నాయినా!’

గొంతు చీరుకుపోయేటట్టు అరిచాను. టీ బండి అక్క విన్నది. నా వెనక గేటు దగ్గర మా టీమంతా విన్నారు. ఆటోవాడు ఒకడు తల బయటపెట్టి చూశాడు. ‘నాయినా! ఆగు నాయినా!’ పైన మెట్రో వచ్చింది. కింద బస్సు హారన్ కొట్టింది. బండి బస్సు పక్కనుంచి జారిపోయి మలుపు తిరిగింది. అంత రోడ్డు మీద వినబడనిది ఆయనొక్కడికే.

సాయంత్రం స్టేషన్‌లో శాలువా కప్పించుకుని, మెడలో దండతో ఇంటికొచ్చాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. అమ్మ మంచినీళ్లు తేవడానికి లోపలికి పోయింది. నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుని బూట్ల లేసులు విప్పసాగాను.

‘ఒంటిగంటకు మా ఆఫీసు ముందటికి వచ్చినవంట గద’ అన్నాను తలెత్తకుండా.

‘టీ బండామె చెప్పిందా? చెప్పొద్దంటి గద.’

‘ఇంకొక్క నిమిషం ఆగకపోయినవా నాయినా?’

‘నాలుగు నిమిషాలే గద బిడ్డా రూలు.’ నా తల మీద చెయ్యి పెట్టాడు. ‘అన్ని దినాలు నీ మిషిన్ల నాది ఎర్రగనే వడ్డది. నువ్వు పదిమందిల చూపిస్తివంట, నాకు ఎరికే. ఆఖరు దినమన్న మంచిగ రావాలనుకున్న. ఇయ్యాల పచ్చగ వచ్చిందా?’

‘వచ్చింది’ అన్నాను.

‘గంతే, చాలు’ అన్నాడు, ఎంత తృప్తిగానో. అమ్మ నీళ్లు తెచ్చింది, తాగాడు. నేను రెండో బూటు లేసు విప్పాను. రోడ్డు నడిమధ్య నిలబడి పిలిచానని ఆ రోజూ చెప్పలేదు, ఆయన పోయేదాకా ఎప్పుడూ చెప్పలేదు.